నిబంధన అంటే రూలు కాదండి

మాస్టారు పోయారు. ఆ కబురు నాకు స్కూల్లో ఉండగా వచ్చింది. ఫోనొచ్చిందని అటెండరు పిలిస్తే క్లాసు వదిలేసి ఆఫీసు రూముకి వెళ్ళాను. అవతల మా అన్నయ్య. "మాస్టారు పోయారే చెల్లీ. తెల్లారగట్ట నిద్దట్లోనే అయిపోయారంట. మేం గొయ్యి మొదలెట్టేశాం, నువ్వు బయల్దేరొచ్చెయ్" అన్నాడు. చావు కబురూ గోతి కబురూ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. ఎక్కడ తవ్వుతున్నారని నేనడగలేదు, వాడూ చెప్పలేదు. మాస్టారి చోటు ఎక్కడో మా పేటలో అందరికీ తెలుసు.

రాజమండ్రిలో బస్సెక్కి, ధవళేశ్వరం దాటి, కాలవ గట్టు మీద ఆటోలో ఊరు చేరేసరికి చర్చి ముందు అప్పుడే ఫ్లెక్సీ కట్టేశారు. మాస్టారి బొమ్మ, ఇటూ అటూ రెండు పావురాలు, కింద ఎర్రటి అక్షరాలతో "నియమ నిబంధనలకు కట్టుబడిన మహామనిషి". అంతవరకూ బస్సులో ఏడుస్తూనే వచ్చాను. ఆ మాట చదివాక ఏడుపు ఆగిపోయింది. ఏ అర్థం కాదు కాదని ఆయన జీవితమంతా మొత్తుకున్నారో ఆ అర్థాన్నే ఆయన మొహం కింద అచ్చేయించారు. ఈ నాలుగు మాటలు రాయడానికి దుఃఖం ఎంత కారణమో ఆ ఫ్లెక్సీ మీద కోపమూ అంతే కారణం. చదివేవాళ్ళు మన్నించనక్కర్లేదు.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. మా ఊళ్ళో క్రైస్తవులవి రెండు పేటలు. మెరక మీద ఉన్నది పై పేట, కాలవ దిగువన ఉన్నది కింద పేట. పై పేటలో టీచర్లు, గుమస్తాలు ఉన్నారు. కింద పేటలో మేం, అంటే ఊడ్పులకీ కోతలకీ వెళ్ళేవాళ్ళం. ఈ రెంటి మధ్య ఉన్న తేడాకి ఒక పేరుంది. అది రాయడం నాకిష్టం లేదు. తెలిసినవాళ్ళకి తెలుసు, తెలియనివాళ్ళు అదృష్టవంతులు. ఊళ్ళో ఆసాముల కళ్ళకి మేమంతా ఒకటే. మా కళ్ళకి మాత్రం మేం వేరు వేరు. పెళ్ళిళ్ళు కలవవు, శ్మశానాలు కలవవు.

మాస్టారిది పై పేట. హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. ఆదివారం మధ్యాహ్నాలు మా పేటకొచ్చి మా ప్రార్థన మందిరం అరుగు మీద బైబిలు క్లాసు చెప్పేవారు. ఆయన చొక్కా జేబు ఎప్పుడూ సుద్దముక్కల పొడితో తెల్లగా ఉండేది. అమ్మగారు, అంటే ఆయన భార్య, ఆ చొక్కాలు ఉతకలేక విసుక్కునేవారు. మాస్టారు పాఠం చెప్పే ముందు ఒకసారి, చెప్పాక ఒకసారి కళ్ళజోడు తుడుచుకునేవారు. మధ్యలో ఎంత మసకబారినా ముట్టుకునేవారు కాదు.

ఆయన గురించి ఒక్కటే చెప్పమంటే ఆయన 'అండి' గురించి చెబుతాను. గోదావరి జిల్లాల్లో అండి అననివాడు ఉండడని పేరు. నిజమే, కానీ ఆ అండి కూడా మనిషిని చూసి దిగుతుంది. మా అమ్మని పొలాల్లో "ఏమే" అనేవారు, చర్చిలో "నువ్వు" అనేవారు. మాస్టారు ఒక్కరే "ఏమండీ, మీకర్థమైందా?" అని అడిగేవారు. ముక్కు తుడుచుకోవడం చేతకాని పిల్లల్ని కూడా మీరనేవారు. మా అమ్మ మొదట్లో వెనక్కి తిరిగి చూసుకునేదట, ఎవరినంటున్నారో అని.

పాత నిబంధనలో సున్నతి సంగతి వచ్చే అధ్యాయాలు మిగతావాళ్ళెవరూ చదివించేవారు కాదు. ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారని పేజీ తిప్పేసేవారు. మాస్టారు తిప్పలేదు. అబ్రాహాముతో దేవుడు నిబంధన చేయడం, దానికి గుర్తుగా ఇంట్లో మగవాళ్ళందరికీ సున్నతి చేయించమనడం, ఇంట్లో పుట్టినవాడికీ వెండి పోసి కొన్నవాడికీ కూడా చేయించమనడం, అంతా గట్టిగా చదివారు. చదివి "ఎవరికైనా అనుమానాలున్నాయా అండి?" అన్నారు.

మా అమ్మ చెయ్యెత్తింది. "అబ్రాహాముగారు మంచి ఆసామేనండి. అంత ముసలితనంలో ఇల్లంతా సున్నం కొట్టించడమే గొప్ప. పనోళ్ళ ఇళ్ళక్కూడా కొట్టించాడంటే మామూలోడు కాదండి" అంది.

ఏటా క్రిస్మస్ ముందు పై పేట ఇళ్ళకి సున్నం కొట్టేది మా వాళ్ళే. అమ్మకి ఆ మాట అలాగే వినపడింది. పెద్దపిల్లలు పడీ పడీ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "మీరు చెప్పిన దాంట్లో సగం కరెక్టేనండి. పనివాళ్ళని కూడా కలుపుకోమన్నాడు, అదే అసలు సంగతి. కానీ అది సున్నం కాదండి" అని, మగపిల్లాడి ఒంటి మీద ఎక్కడ ఏ తోలు కోస్తారో, మన సాయిబుల ఇళ్ళలో జరిగేది కూడా అదేనని ఉన్నదున్నట్టు చెప్పారు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని "అయ్ బాబోయ్" అంది. అప్పుడు మాత్రం మాస్టారు కూడా నవ్వేశారు.

తర్వాత ఆయన చెప్పింది నాకిప్పటికీ గుర్తుంది. "చూడండి, దేవుడు గుర్తు పెట్టమన్నది కనపడే చోట కాదండి. నుదుటి మీద కాదు, చేతి మీద కాదు. బట్ట కట్టుకుంటే ఊళ్ళో ఎవడికీ తెలీదు. గొప్పకి చూపించుకోవడానికి పనికిరాని గుర్తండి అది. ఇంకోటి, ఎనిమిదో రోజునే చేస్తారు. ఆ పసివాడు ఏం చేశాడని? ఏమీ చెయ్యలేదు. ఏమీ చెయ్యకముందే నువ్వు నావాడివి అన్నాడు. యజమానికీ కొనుక్కొచ్చిన పనివాడికీ ఒకే కత్తి, ఒకే రోజు. ఆ వారమంతా ఆ ఇంట్లో ఆసామీ పాలేరూ ఒకేలా నడిచుంటారండి."

అందరూ మళ్ళీ నవ్వారు. అమ్మ మాత్రం వదల్లేదు. "మరి ఆడాళ్ళకేంటండి గుర్తు?" అంది. మాస్టారు "నాకు తెలీదండి, చూసి చెబుతాను" అన్నారు. మా పేటలో ఎవరూ అంతవరకు ఒక టీచరు నోట తెలీదన్న మాట వినలేదు.

మరుసటి ఆదివారం జవాబుతో వచ్చారు. మోషే తన చివరి రోజుల్లో జనానికి చెప్పిన మాటల్లో, ఆ తర్వాత యిర్మీయా ప్రవక్త మాటల్లో, గుండెకి సున్నతి చేసుకోమని ఉందట. "గుండె మీద కూడా తోలు మందమెక్కుతుందండి. దాన్ని తీసెయ్యమన్నాడు. అందులో ఆడా మగా లేదు" అన్నారు. "అయితే అది ముందు మగాళ్ళకే చేయించండి" అంది మా అమ్మ.

ఇక నిబంధన. ఆ మాట మీద ఆయనకున్న పట్టుదల ఇంతా అంతా కాదు. ఆఫీసుల్లో, గుమ్మాల మీద, బస్సుల్లో రాసే నిబంధనలు చదివి చదివి మనవాళ్ళు దేవుడి నిబంధనని కూడా రూలనుకుంటారని ఆయన బాధ. "నిబంధన అంటే రూలు కాదండి. అందులో బంధం ఉంది చూడండి. రూలు తప్పితే జరిమానా కట్టి ఇంటికెళ్ళిపోవచ్చు. బంధం తప్పితే వెళ్ళడానికి ఇల్లుండదండి" అనేవారు. కుర్రతనంలో బైబిలు కాలేజీలో కొన్నాళ్ళు హెబ్రీ నేర్చుకున్నారట. ఆ భాషలో నిబంధన చేస్తారనరట, కోస్తారంటారట. అబ్రాహాము పశువుల్ని నిలువునా కోసి, ఆ ముక్కల్ని ఎదురెదురుగా పెట్టి నిద్రపోతే, వాటి మధ్య నించి నిప్పు నడిచింది. నిద్రపోతున్నవాణ్ణి లేపి నడవమనలేదు. "నేను మాట తప్పితే నా గతి ఈ ముక్కల గతే అని ఒట్టేసుకుని నడవడమండి అది. ఆ పూట దేవుడొక్కడే నడిచాడు" అని చెప్పి కళ్ళజోడు తుడుచుకునేవారు.

తొంభై ఆరు తుఫానుకి మా ప్రార్థన మందిరం కప్పు లేచిపోయింది. పై పేట చర్చి కూడా బీటలిచ్చింది. అప్పుడు పై పేట పెద్దలకి మేం గుర్తొచ్చాం. రెండు సంఘాలూ కలిసి ఒకే పెద్ద చర్చి కట్టుకుందామన్నారు. మా వాళ్ళకి నమ్మకం కుదరలేదు. సంఘం ప్రెసిడెంటు గారు తెలివైనవారు, తను రాకుండా మాస్టారిని పంపించారు. మాస్టారు మా అరుగు మీద నిలబడి "బతుకులోనూ చావులోనూ ఒకే సంఘమండి. ఈ మాట నాది" అన్నారు. పక్కన అమ్మగారు కూడా ఉన్నారు. ప్రెసిడెంటు మాటైతే మా వాళ్ళు కదిలేవారు కాదు. మాస్టారి మాటకి కదిలారు. మా మందిరానికి మిగిలిన గోడలు కూడా మేమే పడగొట్టుకుని, ఆ ఇటుకలు తట్టల్లో మోసుకెళ్ళి కొత్త చర్చికి పెట్టాం. కూలి అడగలేదు. మా అమ్మ ఇసక మోసింది.

చర్చి లేచింది. ఆరాధన కలిసే చేసుకున్నాం. కొన్నేళ్ళు బాగానే గడిచింది, ఎందుకంటే ఆ కొన్నేళ్ళలో మా పేటలో చచ్చిపోయినవాళ్ళంతా చర్చి మానేసిన ముసలివాళ్ళు. వాళ్ళని అలవాటుగా కాలవ పక్క మా పాత శ్మశానంలోనే పెట్టేశాం. సంఘం పుస్తకంలో పేరున్న మనిషి మా పేట నించి మొదట పోయింది మా అమ్మే. కోతల్లో జ్వరమొచ్చి నాలుగు రోజులుండి పోయింది.

పెట్టె మోసుకుని మెరక మీది శ్మశానానికి వెళ్ళాం. గేటుకి తాళం. లోపల ఎవరూ లేరు. బయట ప్రెసిడెంటు గారు, ఇద్దరు పెద్దలు, పాస్టరు గారు నిలబడి ఉన్నారు. పాస్టరు గారు తన చెప్పుల వైపు చూసుకుంటున్నారు. మాస్టారు మా ముందు నడిచారు.

"తాళం తియ్యండి" అన్నారు.

"మాస్టారూ, మీకు తెలియందేముందండి. ఆరాధన కలిసే చేసుకుంటున్నాం, ఎవరు కాదన్నారు? దీనికి మాత్రం సంఘ నిబంధనలు ఒప్పుకోవండి" అన్నారు ప్రెసిడెంటు గారు.

"నిబంధన అంటే రూలు కాదండి."

"ఇది క్లాసు చెప్పే టైమా అండి?"

"ఇదేనండి టైము" అన్నారు మాస్టారు.

ఎంతసేపు నిలబడ్డామో నాకు గుర్తులేదు. ఎండ మాత్రం గుర్తుంది. మాస్టారు బతిమాలారు, అరిచారు, చివరికి గేటు పట్టుకుని ఊపారు. ఆ గేటు కదల్లేదు, దాని ముందు నిలబడ్డవాళ్ళ గుండెలూ కదల్లేదు. మా అన్నయ్య "వద్దులెండి మాస్టారూ, అమ్మకి ఎండ తగులుతోంది" అని పెట్టె వెనక్కి తిప్పాడు. ఇంకొక్క మాట చెప్పాలి. ఆ శ్మశానంలో ఉన్న ప్రతి గొయ్యీ మా పేట మగవాళ్ళు తవ్విందే. మా నాన్న తవ్వాడు, మా అన్నయ్య తవ్వాడు. తవ్వడానికి లోపలికి రావచ్చు. పడుకోవడానికి రాకూడదు.

అమ్మని కాలవ పక్కన పెట్టాం. మన్ను పోశాక మాస్టారు చెప్పులు విడిచి అక్కడే నిలబడి, మా అన్నయ్య వైపు తిరిగి, అందరూ వినేలా "నేను మాటిచ్చి మిమ్మల్ని తీసుకెళ్ళానండి. మిమ్మల్ని వద్దన్న చోట నాకూ చోటొద్దు. మీ అమ్మగారి వరసలో నాకొక చోటుంచండి" అన్నారు. అమ్మగారు ఆయన పక్కనే ఉన్నారు. తల ఊపారు.

కొన్నాళ్ళకి నేను ఆయన్ని నిలదీశాను. నా కడుపు మంట చల్లారలేదు మరి. "ఆ తాళం పగలగొట్టచ్చు కదండీ?" అన్నాను. "పగలగొట్టాల్సిందేనండి" అన్నారు. సాకు చెప్పలేదు. అప్పుడే యాకోబు కొడుకుల కథ చెప్పారు. వాళ్ళ చెల్లెల్ని చెరిచినవాడి ఊరిమీద పగబట్టి, ఆ ఊరి మగాళ్ళందరితో "మా సున్నతి మీరూ చేయించుకోండి, మనం ఒకే జనమవుదాం" అన్నారట. ఆ ఊరివాళ్ళు నమ్మి చేయించుకున్నారు. పుండు మానకుండా మంచాల్లో ఉండగా వీళ్ళు కత్తులు పట్టుకుని పోయి ఒక్కణ్ణీ వదల్లేదు. "దేవుడి గుర్తుని ఎర వేశారండి. మీ చేత ఇటుకలు మోయించినవాళ్ళు చేసిందీ అదే. ఎర పట్టుకుని మీ అరుగు మీదకొచ్చింది నేనండి" అన్నారు.

ఆ తర్వాత ఆయన పెద్ద చర్చి గుమ్మం తొక్కలేదు. పై పేటలో ఆయన్ని పెళ్ళిళ్ళకి పిలవడం మానేశారు. రాజమండ్రిలో ఒకరు, కాకినాడలో ఒకరు ఉద్యోగాలు చేసుకుంటున్న కొడుకులు "మా పరువు తీస్తున్నారు" అని రాకపోకలు తగ్గించారు. ఆయన ఆదివారాలు మా పేటకొచ్చి కూర్చునేవారు. చెప్పేది తక్కువైంది. ఒక్కోసారి పుస్తకం తెరిచి, మూసేసి, అమ్మ సున్నం మాట తలుచుకుని నవ్వి వెళ్ళిపోయేవారు. ఆయన ఒక పోరాటం గెలిచారని రాయాలని నాకూ ఉంది. గెలవలేదు. ఆ గేటు తాళం అలాగే ఉంది.

అందుకే పోయారన్న కబురు వినగానే మా అన్నయ్య పార పట్టుకుని కాలవ పక్కకి వెళ్ళాడు. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నేను వెళ్ళేసరికి గొయ్యి పూర్తయింది. గోడలు నున్నగా చెక్కి, అడుగున తాటాకు పరిచారు. అప్పుడు మోటారు సైకిలు మీద ప్రెసిడెంటు గారి మేనల్లుడొచ్చాడు. "ఇక్కడ కాదంట. పైన తవ్వాలంట, రండి" అన్నాడు.

నేను మాస్టారి ఇంటికి పరుగెత్తాను. కొడుకులు ఇద్దరూ వాకిట్లోనే ఉన్నారు. "ఆయన నలుగురి ముందు మాటిచ్చారండి" అన్నాను. "ముసలితనంలో సవాలక్ష అంటారు. మా నాన్నని కాలవ గట్టున పెడితే లోకం మమ్మల్నేమంటుంది?" అన్నాడు పెద్దబ్బాయి. అమ్మగారిని అడగమన్నాను. అమ్మకి ఒంట్లో బాగోలేదు, ఇంజక్షనిచ్చి పడుకోబెట్టాం అన్నారు. అప్పటికే అక్కడికొచ్చి ఉన్న ప్రెసిడెంటు గారు నా భుజం మీద చెయ్యి వేసి "తగువులొద్దమ్మా, మాస్టారు అందరివాడు" అన్నారు. బతికున్నంతకాలం ఎవరివాడూ కాని మనిషి పోయిన పూటకి అందరివాడైపోయాడు.

మా అన్నయ్య రెండో గొయ్యి కూడా తవ్వాడు. ఎందుకు తవ్వావురా అని నేను మీద పడితే, "ఇంకెవడో తవ్వితే మాస్టారికి సరిగ్గా తవ్వడే" అన్నాడు. ఆ రోజు గేటు బార్లా తెరిచారు. ప్రసంగాలు చేశారు. ఆయన సహనం, ఆయన క్రమశిక్షణ, నిబంధనల పట్ల ఆయన నిబద్ధత. పాస్టరు గారు అబ్రాహాము పేరు కూడా ఎత్తారు. మా పేటవాళ్ళం గోడ వారగా పారలు పట్టుకుని నిలబడ్డాం, మన్ను పోసే పని మాదే కాబట్టి.

కాలవ పక్క గొయ్యి అలాగే ఉండిపోయింది. తవ్విన గొయ్యి ఖాళీగా ఉంటే ఇంకొకర్ని అడుగుతుందని మా పేట ముసలమ్మలకి భయం. పూడ్చెయ్యరా అని రోజూ అన్నయ్యని పోరారు. వాడు పార తీసుకుని వెళ్ళడం, గట్టు మీద కూర్చుని వచ్చెయ్యడం. మాది కాలవ దిగువ నేల కదా, అడుగున నీళ్ళు ఊరడం మొదలైంది.

ఆదివారం నేను మళ్ళీ ఊరెళ్ళాను. అన్నయ్యతో పాటు ఆ గొయ్యి దగ్గర నిలబడి ఉండగా గట్టు మీద అమ్మగారు ఒక్కరే ఊతకర్ర పట్టుకుని వస్తూ కనిపించారు. కొడుకులు ఊళ్ళకి వెళ్ళిపోయారట. ఎదురెళ్ళి చెయ్యి పట్టుకోబోతే వద్దన్నారు. గొయ్యి దాకా వచ్చి లోపలికి చూశారు.

"దీన్నేం చేస్తారు బాబూ?"

"పూడ్చెయ్యమంటున్నారండి అందరూ. నాకు చేతులాడట్లేదండి" అన్నాడు అన్నయ్య.

"పూడ్చకు. నాకుంచు."

"అలా అనకండమ్మగారూ."

"ఆయన మాటిచ్చినప్పుడు పక్కన నేనూ ఉన్నాను. అది నా మాట కూడా. ఆయన్ని తీసుకెళ్ళిపోతుంటే సూది మందిచ్చి పడుకోబెట్టారు, నోరు లేవలేదు నాకు. నన్నూ పైకి తీసుకెళ్తామంటారు. మీరు ఇవ్వకండి. గొడవ పడండి. ఈసారి తాళం పగలగొట్టే పని లేదు, ఇక్కడ గేటే లేదుగా" అన్నారు.

అన్నయ్య ఏడుస్తూ "ఆయ్, అలాగేనండి" అన్నాడు. అమ్మగారు కర్ర ఆనించి మెల్లగా గొయ్యి అంచున కూర్చున్నారు. అటు కొస నించి ఇటు కొస దాకా చూసి, "ఇంకొంచెం పొడుగు తియ్యాలేమో చూడు. నేను ఆయనకంటే పొడుగు కదా" అన్నారు. అన్నయ్య పార తీసుకుని చీలమండల లోతు నీళ్ళలోకి దిగాడు. అమ్మగారు ఊతకర్రతో చూపిస్తూ కూర్చున్నారు, ఇటు, ఇంకొంచెం ఇటు అని.